తప్పిపోయాడంటే దొరుకుతాడనేగా

లండన్, సైనిక ఆసుపత్రి
1916 జులై 22

ప్రియమైన వదినకు,

ఈ రాత చూసి కంగారు పడకు, నాదే. పడుకుని రాస్తున్నాను కాబట్టి అక్షరాలు ఒక పక్కకు ఒరిగిపోతున్నాయి. నేను బతికే ఉన్నాను. ఎడమ కాలికి తూటా తగిలింది, డాక్టర్లు చూస్తున్నారు. ముందు ఈ ముక్క అమ్మకు చెప్పి, తర్వాత మిగతాది చదువు.

జులై ఒకటో తారీకు, శనివారం పొద్దున, మన దీవి కుర్రాళ్ళ రెజిమెంటును ఫ్రాన్సులో ఒక పల్లె ముందున్న జర్మన్ కందకాల మీదికి పంపారు. అన్నా నేనూ ఒకే వరసలో ఉన్నాం. బయల్దేరిన కాసేపటికే నేను పడిపోయాను. ఎటు చూసినా పొగ, దుమ్ము. ఆ పొగలో అన్న నాకు కనబడకుండా పోయాడు. మర్నాడు పేర్లు పిలిచినప్పుడు పలకలేదట. పలికినవాళ్ళే కొద్దిమంది. మిగతావాళ్ళలో, చనిపోగా ఎవరూ చూడనివాళ్ళందరినీ 'తప్పిపోయాడు' అని రాసుకున్నారు. అంతకంటే నాకు తెలియదు.

ఇక్కడ బాగానే చూసుకుంటున్నారు. పక్క మంచం మీద ఓబెడ్ టక్ ఉన్నాడు, మన పక్క రేవులో పీపాలు చేసే టక్ గారి అబ్బాయి. రెండు చేతులకూ కట్లే. నర్సమ్మ వాడికి తినిపిస్తూ, "మీరు మాట్లాడేది ఎక్కడి ఇంగ్లీషు బాబూ?" అంది. "మా ఊళ్ళో చేపలకు బాగానే అర్థమవుతుందమ్మా" అన్నాడు వాడు. వార్డంతా నవ్వింది. ఇలా రోజులు గడుస్తున్నాయి, దిగులు పడకండి.

రోడా నన్ను మరిచిపోయి ఉంటుంది. బాబాయి అడిగాడని చెప్పు. నాన్న మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఈ ఏడు చేప బాగా పడిందా?

నీ మరిది,
లాంబర్ట్


టర్న్ కోవ్
ఆగస్టు 20

లాంబర్ట్‌కు,

నీ ఉత్తరం పాస్టరుగారే తెచ్చారు. ఈ మధ్య ఆయన ఎవరి గుమ్మంలో నిలబడినా ఆ ఇంటి ఆడవాళ్ళు కుర్చీ వెతుక్కుంటున్నారు. నేను మాత్రం నిలబడే అందుకున్నాను. మా ఇంటికి రావలసిన కబురు అంతకు ముందే తంతి ఆఫీసు నుంచి వచ్చేసింది. 'హెడ్లీ పార్డీ, తప్పిపోయాడు.'

ఆ మాట విని నేను కూలబడ్డాను గానీ అత్తయ్య చలించలేదు. పైగా నన్ను కసిరింది.

"ఎందుకే ఆ ఏడుపు? చచ్చిపోయాడన్నారా? తప్పిపోయాడన్నారు. తప్పిపోయాడంటే దొరుకుతాడనేగా!"

ఆవిడ అలా ఎందుకందో నీకు తెలుసు. నువ్వు చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు మామయ్య పొగమంచులో పడవతో సహా తప్పిపోతే, ఊరంతా ఆయన పేరున ప్రార్థన జరిపించి అత్తయ్యకు నల్లబట్టలు తొడిగేశారు. ఆయన్నేమో దారినపోయే ఓడ ఎక్కించుకుని పోర్చుగల్ తీసుకుపోయింది. చలికాలం దాటాక ఇంటికొచ్చి, ప్రార్థన చేయించిన పాస్టరును, "పాటలు ఎవరు పాడారు? సరిగా పాడారా?" అని అడిగాడట. ఆ కథ చెప్పుకుని నవ్వుకోని క్రిస్మస్ లేదు మనింట్లో. ఇప్పుడు ఆ కథే మా ప్రాణం మీదికి తెచ్చింది.

మామయ్య ఊరుకోవడం లేదు. "నేను తిరిగి రాలేదూ? వాడు ఏ ఆసుపత్రిలోనో తెలివి తప్పి పడుంటాడు. ఎవరో ఒకరు వెళ్ళి వెతకొద్దా?" అంటున్నాడు. చేపలు ఎండి ఓడలకెక్కగానే, పోర్చుగల్ వెళ్ళే ఓడలో పనికి కుదురుతాడట. అక్కణ్ణించి లండన్‌లో నీ దగ్గరికి, నీ దగ్గర్నుంచి ఫ్రాన్సుకు. చర్చి మెట్లు ఎక్కడానికి నా భుజం పట్టుకునే మనిషి! సముద్రం నిండా జర్మన్ల జలాంతర్గాములు తిరుగుతున్నాయని పాస్టరుగారు చెబితే, "నా దగ్గర వాళ్ళకేం దొరుకుతుందండీ, ఉప్పుచేప తప్ప?" అన్నాడు.

లాంబర్ట్, నీ ఉత్తరం వాళ్ళిద్దరికీ చదివి వినిపించాను. తర్వాత నేనొక్కదాన్నే చాలాసార్లు చదువుకున్నాను. నువ్వు మీ అన్నను ఏనాడూ కనుమరుగు కానిచ్చినవాడివి కాదు. మాకు పెళ్ళయిన కొత్తలో మా ఇద్దరి మధ్యా కూర్చుని భోంచేసినవాడివి. అలాంటివాడివి, ఆయన కనబడకుండా పోయాడని ఒక్క ముక్కతో సరిపెట్టి, నర్సు గురించి నాలుగు ముక్కలు రాశావు.

నీకు తెలిసింది ఇంకేమైనా ఉంటే నాకు చెప్పు. ఆయన బతికున్నాడని నీకు నమ్మకముంటే మామయ్యను నేనే ఓడ ఎక్కిస్తాను. లేదంటే ఎలాగైనా ఆపుతాను. ఏదో ఒకటి చెప్పు. పొద్దున లేస్తూనే ఆయన ఉన్నాడనుకుంటాను, పొయ్యి అంటించేలోగా లేడనుకుంటాను. ఇలా నా వల్ల కావడం లేదు.

సెలీనా


లండన్
సెప్టెంబరు 15

వదినా,

నాన్నను ఆపు. ఈ ఉత్తరంలో ఇంకేమీ చదవకపోయినా సరే, ఇది చదువు. నాన్నను ఓడ ఎక్కనివ్వకు. అన్న లేడు.

నేను చూశాను. పొగ అని రాసింది అబద్ధం. అంత తేటగా ఉన్న పొద్దు ఫ్రాన్సులో అడుగుపెట్టాక నేను చూడలేదు. ఆకాశంలో పిట్టలు పాడుతుంటే వాటి పేర్లు చెప్పుకుంటూ నిలబడ్డాం, అంత తేట.

మాకంటే ముందు వెళ్ళినవాళ్ళ శవాలతో, దెబ్బలు తగిలినవాళ్ళతో కందకాలు నిండిపోయాయి. వాటిలోంచి నడవడానికి దారి లేక, మమ్మల్ని వెనక వరస నుంచే పైకెక్కి బయట నడిచి పొమ్మన్నారు. పల్లానికి దిగే పచ్చిక అది, దాక్కోవడానికి రాయి కూడా లేదు. ఆ వేళకు అక్కడ కదులుతున్నది మేము ఒక్కళ్ళమే. అవతలి మరతుపాకులన్నీ మా మీదికి తిరిగాయి. మా ముళ్ళకంచెలోనే అక్కడక్కడ సందులు కోసి ఉంచారు. అందరం ఆ సందుల్లోంచే పోవాలి. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు.

అన్న నాకంటే ముందు ఆ సందులోకి వెళ్ళాడు. నడుము కింద తగిలి కంచె మీద పడి చిక్కుకుపోయాడు. నేను తన వైపు పరిగెత్తబోయి, కాలు విరిగి, దగ్గర్లో ఒక గుంటలో పడ్డాను. పొద్దు గూకే వేళకు తన ప్రాణం పోయింది. చీకటి పడ్డాక పాక్కుంటూ వెళ్ళి ముట్టుకుని చూశాను. అనుమానం లేదు వదినా.

మొదటే ఎందుకు రాయలేదంటావు. నా ఉత్తరం అమ్మ చదివించుకుంటుందని తెలుసు. సర్కారే 'తప్పిపోయాడు' అంటుంటే, ఆ మాట తుడిచేసేవాణ్ణి నేనెందుకు కావాలి అనిపించింది. కొన్నాళ్ళు పోతే మీకే మెల్లగా అర్థమవుతుందనుకున్నాను. నాన్న పొగమంచు కథ నాకు తట్టనే లేదు.

ఇంకొకటి. నా ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు. మొదటి ఉత్తరం రాసేనాటికే తీసేశారు. ఇది అమ్మకు ఇప్పుడే చెప్పకు. కానీ అన్న మాట మాత్రం నాన్నకు చెప్పు. నువ్వు చెప్పలేకపోతే పాస్టరుగారి చేత చెప్పించు. తంతి ఇస్తే మీకంటే ముందు ఊరంతా చదువుతుందని ఉత్తరమే రాస్తున్నాను. కొయ్యకాలు చేయించి పెట్టేదాకా నేను ఇక్కడే ఉండాలి. నాన్న నన్ను చూడ్డానికని కూడా రాకూడదు. నేనే వస్తాను.

లాంబర్ట్


టర్న్ కోవ్
నవంబరు 19

లాంబర్ట్‌కు,

సెప్టెంబరు నడిమిన నువ్వు రాసిన ఉత్తరం నిన్న వచ్చింది. గాలివానలకు తపాలా ఓడ ఏ రేవులోనో పడి ఉందట. మామయ్య వెళ్ళి నెల దాటిపోయింది.

ఎలా వెళ్ళాడో చెప్పనా? ముసలివాణ్ణి వద్దంటారేమోనని గడ్డానికి పొయ్యిమసి రాసుకుని వెళ్ళాడు. ఓడ నడిపే స్కిప్పర్ బంజీ పగలబడి నవ్వాడు. "అజరయా, నీ గడ్డం నా ఓడకు పూసిన తారు కంటే నల్లగా ఉందయ్యా! వానొస్తే ఏం చేస్తావు?" అన్నాడు. మామయ్య నవ్వలేదు. "వాన వచ్చేలోగా ఎక్కించుకో" అన్నాడు. స్కిప్పర్ నవ్వు ఆగిపోయింది. పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

సామాను నేనే సర్దాను. నువ్వు జవాబు రాయలేదు కాబట్టి, చెడ్డ మాట కాదేమో, అదైతే వెంటనే రాసేవాడివి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పెట్టాను. రెండోది మీ అన్నకు. విన్నావా? మట్టిలో ఉన్న మనిషికి మేజోళ్ళు అల్లి పంపాను.

నిన్న నీ ఉత్తరం చదివి తంతి ఆఫీసుకు పరిగెత్తాను. పోర్చుగల్‌లోని పోర్తో రేవులో మన చేప కొనే కొట్టుకు తంతి కొట్టించాను. ఓడ ఇంకా చేరలేదని ఇవాళ జవాబొచ్చింది. చేరవలసిన రోజులు ఎప్పుడో దాటిపోయాయట. ఒక చేపల ఓడను జర్మన్లు సముద్రం మధ్యలో తగలబెట్టారని రేవులో చెప్పుకుంటున్నారు. ఏ ఓడో ఎవరికీ తెలియదు.

ఏడవడానికి చోటు లేదు నాకు. ఇంట్లో అత్తయ్య. బయట అత్తయ్యకు చేరవేసేవాళ్ళు. చేపలు ఆరబెట్టే మంచెల కిందికి దూరి, తలగుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఇంటికొచ్చి రొట్టెకు పిండి కలుపుతుంటే, "కళ్ళు ఎర్రగా ఉన్నాయేమే?" అంది అత్తయ్య. "పొగ" అన్నాను. నీ అబద్ధమే నాకూ పనికొచ్చింది.

ఆవిడ రోజూ గుట్టెక్కి సముద్రం చూస్తోంది. "ఇద్దరూ కలిసే వస్తారు" అంటోంది. రోడాకు కూడా అదే నేర్పింది. నేను ఆవిడకు ఏమని చెప్పను? కొడుకు లేడనా? మొగుడు ఉన్నాడో లేడో తెలియదనా?

నువ్వు మంచికే దాచావు, నాకు తెలుసు. కానీ ఆ మంచితనం నాకు మూడు నెలలు మొగుణ్ణి ఇచ్చి, మామయ్యను పట్టుకుపోయింది. నువ్వు మంచాన ఉన్నావని, కాలు పోయిందని నాకు జాలి వేయాలి. వేస్తుందేమో ఎప్పటికైనా. ఇవాళ మాత్రం లేదు.

మామయ్య వచ్చాడన్న మాట ఉంటే తప్ప నాకు రాయకు.

సెలీనా


లండన్
1917 జనవరి 9

వదినా,

వచ్చాడు. నాన్న వచ్చాడు. నా మంచం పక్కన నేల మీద పడుకుని గురక పెడుతున్నాడు. నర్సమ్మ చూసీ చూడనట్టు అటూ ఇటూ తిరుగుతోంది.

గాలివానలో తెరచాపలు చిరిగి, ఓడ ఎటో కొట్టుకుపోయి, చివరికి ఎలాగో పోర్తో చేరిందట. అక్కణ్ణించి వేల్స్ తిరిగివెళ్ళే బొగ్గు ఓడలో పార పట్టి, రేవులో దిగి, దారి అడుగుతూ వచ్చాడు. నిన్న మధ్యాహ్నం ఓబెడ్ పిలిచాడు. "ఒరేయ్ లాంబర్ట్, తలుపు దగ్గర ఎవరో ముసలాయన టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. మీ నాన్నలా లేడూ?"

నాన్న దగ్గరికొచ్చి దుప్పటి మీద చెయ్యి వేశాడు. చెయ్యి నేరుగా పరుపుకు తగిలింది.

"రెండోది ఉందా?"

"ఉంది నాన్నా."

"సరే" అని కూర్చుని, జేబులోంచి ఒక కాగితం తీశాడు. నువ్వు పోర్తోకు కొట్టించిన తంతి. "కొట్టువాడు చదువుతానన్నాడు. వద్దన్నాను. చదివిస్తే అక్కణ్ణించే వెనక్కి పోవాల్సొచ్చేదేమో. నువ్వు చదువు."

'హెడ్లీ లేడు. తిరిగి రండి.' పైకే చదివాను. నాన్న ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "నీకెలా తెలుసు? మొత్తం చెప్పు. నా కోసం ఏదీ తగ్గించకు" అన్నాడు.

నీకు రాయనిది కూడా చెప్పాను. అది నువ్వూ వినాలి.

ఆ రోజు మా అందరి వీపులకూ ఒక్కో రేకుముక్క కట్టారు, వెనకాల ఉన్న మా ఫిరంగులవాళ్ళకు మేం ఎక్కడున్నామో కనబడాలని. కదిలితే చాలు, అది ఎండకు తళుక్కుమనేది. తళుక్కుమన్న చోటికి తూటా వచ్చేది. నేను పడిన గుంటకూ అన్న పడిన కంచెకూ మధ్య మనింటి వాకిలంత దూరం కూడా లేదు.

"లాంబర్టూ, ఎక్కడ తగిలింది?" అన్నాడు.

"కాలు."

"అయితే చావవులే. కదలకు."

వస్తున్నానని పాకాను. శిరస్త్రాణానికి తూటా తగిలి గుంటలోకి దొర్లాను. అన్న తిట్లు అందుకున్నాడు. "పడవ తాడు ముడి వేయడం చేతకాదు వెధవకి, నన్ను మోసుకుపోతాడట! పడుండరా అక్కడ!"

ఎండెక్కాక దాహమన్నాడు. నా సీసాలో నీళ్ళున్నాయి. తెస్తున్నానన్నాను. అనగానే, "వద్దొద్దు, ఊరికే అన్నాను. దాహం లేదు" అన్నాడు. నేను వినకుండా మళ్ళీ పాకాను. ఈసారి తూటా నా వీపు మీది రేకును చీల్చుకుంటూ పోయింది.

ఆ తర్వాత అన్న పలకలేదు.

ఎంత పిలిచినా పలకలేదు. తల కంచె మీద వేలాడిపోయి ఉంది. పోయాడనుకున్నాను. ఇక పాకి ఏం లాభమని గుంట అడుగుకు జారి పడుకున్నాను. పిలుస్తూనే ఉన్నాను, కానీ కదల్లేదు. మధ్యాహ్నమంతా అలాగే. ఎండ వాలి, కాల్పులు పలచబడ్డాక, కంచె దగ్గర్నుంచి మాట వినబడింది.

"ఉన్నావురా ఇంకా?"

గుంట అడుగు నుంచి పైకి జరిగాను.

"లాంబర్టూ!"

"ఉన్నా. ఇందాకట్నుంచీ ఎందుకు పలకలేదు?"

"పలికితే వచ్చేవాడివి."

నేను పిలిచిన ప్రతి పిలుపూ విన్నాడు వదినా. ఆ ముళ్ళ మీద, ఆ దాహంతో, మెలకువగా ఉండి, పలకకుండా ఉన్నాడు. నేను బతికి ఉన్నది అందుకే.

తర్వాత ఎంతోసేపు లేడు. నీ పేరు రెండుసార్లు అన్నాడు, నాతో కాదు, తనలో తనే. రోడాకు ఏం చెప్పమంటావని అడిగితే, కాసేపు ఆలోచించి, "పడవ అంచున కూర్చోవద్దని చెప్పు. కూర్చుంటుంది అది" అన్నాడు. "చీకటి పడగానే నువ్వు పో. నా కోసం ఆగకు" అన్నాడు. అంతే.

ఇదంతా విని నాన్న కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అటు తిరిగే అడిగాడు. "ఎండగా ఉందన్నావు కదూ ఆ రోజు?"

"చాలా ఎండ నాన్నా."

"మాక్కూడా. ఆ నెలకల్లా మంచి ఎండ అదే. చేప బాగా ఎండుతోందని మంచె మీద అందరం పాటలు పాడుకున్నాం రా. నేనూ పాడాను." అని తన నోటి మీద తనే పిడికిలితో కొట్టుకున్నాడు. ఓబెడ్ మంచం దిగి, కట్లు కట్టిన చేతులతోనే ఆయన్ను పట్టుకున్నాడు. ఆయన అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఫ్రాన్సు మాట ఇక ఎత్తలేదు. మంచు కరిగాక నా కొయ్యకాలుతో నన్ను ఇంటికి తీసుకొస్తాడట. నీ కోపం న్యాయమే. నన్ను క్షమించమని అడగను.

లాంబర్ట్


టర్న్ కోవ్
మార్చి 25

లాంబర్ట్‌కు,

చలికాలమంతా తంతి తీగలు తెగే ఉన్నాయి. మంచు మీద కుక్కలు లాగే బండిలో నీ ఉత్తరమే వచ్చింది. మామయ్య బతికున్నాడని తెలిసిన క్షణం నీ మీద కోపమంతా ఏమైపోయిందో నాకే తెలియదు. వెతికినా దొరకలేదు.

ఈసారి అత్తయ్య దగ్గర ఏదీ దాచలేదు. ముందు మామయ్య మాట చెప్పి, నీ కాలి సంగతి చెప్పి, తర్వాత మొత్తం చదివాను. 'పలికితే వచ్చేవాడివి' దగ్గరికి రాగానే ఆపమంది. లేచి, తలకు గుడ్డ కూడా కట్టుకోకుండా బయటికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. గడ్డకట్టిన రేవు మీద నడుచుకుంటూ పోయి, మంచు ఆగి నీళ్ళు మొదలయ్యే చోట నిలబడింది. దూకుతుందేమోనని చెయ్యి పట్టుకోబోయాను. దూకలేదు. "హెడ్లీ!" అని అరిచింది. మళ్ళీ అరిచింది. గొంతు పోయేదాకా అరుస్తూనే ఉంది. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. ఒక్కరూ ఆపలేదు. ఇక గొంతు రాక, పెదాలు మాత్రం కదులుతుంటే, నేను పట్టుకుని ఇంటికి తెచ్చాను.

"అమ్మ పిలిచినా పలకడులే వాడు" అంది దారిలో. "అంత మొండివాడు." తర్వాత ఆవిడే పాస్టరుగారికి కబురు పెట్టింది. ఆదివారం నాడు ప్రార్థన జరిగింది. శవపేటిక లేదు కాబట్టి ఎటు చూడాలో ఎవరికీ తెలియలేదు. అందరూ నన్ను చూశారు.

నేను ఏడవలేదు. నాకు మీ అన్న మీద ఎంత కోపమొచ్చిందో చెబితే నువ్వు నమ్మవు. ఒక మధ్యాహ్నమంతా నోరు మూసుకుని తమ్ముణ్ణి బతికించాడు, మంచిదే. ఆ మధ్యాహ్నం ఆయన మనసులో ఏమనుకున్నాడో, ఎవరితో అనుకున్నాడో, అదంతా ఆయనతోనే పోయింది. అందులో నాకు రావలసిన మాట ఒక్కటైనా ఉండి ఉంటుంది. అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. నా పేరు రెండుసార్లు అన్నాడని రాశావు. ఎలా అన్నాడు? పిలిచినట్టా, ఊరికే అనుకున్నట్టా? నువ్వు వచ్చాక ఆ మాట ఆయన అన్నట్టే నాకు అని వినిపించాలి.

పడవ అంచు సంగతి రోడాకు చెప్పాను. "నాన్న చెప్పాడా?" అంది. అవునన్నాను. "ఎప్పుడు చెప్పాడు?" అంది.

మంచు విడగానే రండి. నువ్వు కొయ్యకాలుతో పడవలో పని చేయగలవో లేదో తర్వాత చూద్దాం. ముందు రండి. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. రేవులోకి తిరగ్గానే, ఒడ్డు చేరేదాకా ఆగకుండా, పడవలోంచే గట్టిగా పిలవండి, ఇద్దరూ.

నేను పలుకుతాను.

సెలీనా